బండి తాళం అడిగే ముందు

అశోక్ నగర్‌లో సాయంత్రం ఆరు గంటలకు ఏ టీ బండి దగ్గర నిలబడ్డా ఒక మాట తప్పక వినబడుతుంది: "అన్నా, జర బండి తాళం ఇయ్యవా? పక్క గల్లీకే, రెండు నిమిషాల్ల వస్త." అడిగేవాడు చనువుతో అడుగుతాడు. ఇచ్చేవాడు మొహమాటంతో ఇస్తాడు. ఇచ్చేటప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే: "పెట్రోల్ కొట్టిస్తవా?" అంతే. ఈ బండి నీకు అలవాటేనా, దీని బ్రేకు ఎలా పడుతుందో తెలుసా, హెల్మెట్ ఏదీ అనే మూడు ప్రశ్నలు మాత్రం ఎవరూ అడగరు. అడిగితే స్నేహానికి లోటని మన భావన.

నేను భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. సావనీర్‌కు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని యూనియన్ మిత్రులు అడిగారు. ఆకాశంలోని నక్షత్రాల గురించి రాయవచ్చు. కాని కాలేజీ గేటు ముందు వరుసగా నిలబెట్టిన బండ్లను రోజూ చూస్తూ వేరే సంగతి రాయడానికి మనసొప్పలేదు. దానికి కారణం కూడా చెప్పాలి.

నా అనుభవం

1987లో నేను డిగ్రీ విద్యార్థిని. చిక్కడపల్లిలో ఒక గది అద్దెకు తీసుకుని నలుగురం ఉండేవాళ్ళం. అంతకు రెండేళ్ళ ముందే యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చింది. దాని చప్పుడు వింటే చాలు, కుర్రకారు తల తిప్పి చూసేది. మా సీనియర్ ఒకాయనకు ఆ బండి ఉండేది. మూడు రోజులు సందులో అటూ ఇటూ తిప్పి, నాకు బండి వచ్చేసిందనుకున్నాను. చిన్నప్పటి నుంచి సైకిలు తొక్కినవాణ్ణి, బాబాయి స్కూటరు నడిపినవాణ్ణి, ఇంకా నేర్చుకోవలసింది ఏముంటుంది!

జూన్ నెల, తొలకరి జల్లు పడి ఆగింది. నా గదిమిత్రుణ్ణి వెనుక కూర్చోబెట్టుకుని నారాయణగూడ నుంచి చిక్కడపల్లి వైపు వస్తున్నాను. ముందు వెళుతున్న రిక్షా హఠాత్తుగా కుడికి తిరిగింది. నేను ఉన్న బలమంతా పెట్టి వెనుక బ్రేకు తొక్కాను. వెనుక చక్రం బిగుసుకుపోయింది, బండి అడ్డంగా తిరిగింది, ఇద్దరం పడ్డాం. అప్పటి వేగం నలభై కూడా దాటలేదు. నా అరచేతులు మాత్రం చీరుకుపోయాయి. వాడి తల రోడ్డు అంచు రాతికి కొట్టుకుంది. ఇద్దరికీ హెల్మెట్ లేదు.

వాడు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. నెల తరువాత తెలిసింది, వాడికి వాసన పోయిందని. ముక్కు నుంచి మెదడుకు వెళ్ళే నరాలు దారపు పోగుల్లా సన్నగా ఉంటాయి. తలకు గట్టి దెబ్బ తగిలితే అవి తెగిపోతాయి, చాలామందికి మళ్ళీ అతకవు. వాడు ఇవాళ తాతయ్యాడు. మనవణ్ణి ఎత్తుకుంటాడు, ముద్దు చేస్తాడు. ఆ పసివాడి ఒంటి పాలవాసన ఎలా ఉంటుందో వాడికి తెలియదు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు బరువు.

ఇంతకీ ఆ రోజు నా తప్పేమిటి? వేగమా? కాదు. పొగరా? కొంత ఉండవచ్చు. అసలు తప్పు, నాకు రాని పనిని వచ్చనుకోవడం. ఆ సంగతి తరువాత చదివిన ఒక అధ్యయనం వల్ల నాకు స్పష్టమైంది.

తొమ్మిది వందల ప్రమాదాలు చెప్పిన పాఠం

అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడు ఉండేవాడు. ఆయన బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిల్ ప్రమాదాలను అవి జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించింది. మరో 3,600 పోలీసు నివేదికలు చదివింది. 1981లో నివేదిక వెలువడింది. దేశం వేరు, రోడ్లు వేరు, నిజమే. అయినా ఆ నివేదికలోని కొన్ని సంగతులు మన చిక్కడపల్లి కూడలిలో నిలబడి రాసినట్టే ఉంటాయి.

మొదటిది: ప్రమాదానికి గురైనవారిలో 92 శాతం మంది తమంతట తామే నేర్చుకున్నవారు, లేదా ఇంట్లోవాళ్ళ దగ్గర, స్నేహితుల దగ్గర నేర్చుకున్నవారు. పద్ధతిగా శిక్షణ పొందినవారు అరుదు.

రెండవది: వారిలో సగానికి పైగా ఆ ఫలానా బండి మీద అయిదు నెలల అనుభవం కూడా లేనివారు. మొత్తం మీద చూస్తే వారికి దాదాపు మూడేళ్ళ అనుభవం ఉంది. బండి మాత్రం కొత్తది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. మనిషికీ బండికీ కూడా ఆ సావాసం కావాలి. దాని బ్రేకు పట్టు, బరువు, రేస్ ఇస్తే దూకే తీరు చేతికి తెలియాలి. ఊళ్ళో నాన్నగారి హీరో హోండా మూడేళ్ళు నడిపిన కుర్రవాడు ఇక్కడికి వచ్చి స్నేహితుడి రెండు వందల సి.సి. బండి ఎక్కితే, ఆ పూటకు వాడు మళ్ళీ కొత్తవాడే. మా కాలపు ఆర్.ఎక్స్. 100 బలం 11 గుర్రాలు. ఇప్పుడు మీలో కొందరు నడిపే రెండు వందల సి.సి. బండ్లలో 25 గుర్రాల బలం ఉన్నవి ఉన్నాయి.

మూడవది: ఎక్కువ ప్రమాదాలు చిన్న ప్రయాణాల్లోనే, బయలుదేరిన చోటికి దగ్గరలోనే, బయలుదేరిన కొద్దిసేపటికే జరిగాయి. కాబట్టి "పక్క గల్లీకే గదా" అన్న మాటలో మనకు రక్షణ ఏమీ లేదు.

నాలుగవది: ప్రమాదం ఎదురైనప్పుడు తప్పించుకోవడానికి దొరికే సమయం సాధారణంగా రెండు సెకన్ల లోపు. ఆ రెండు సెకన్లలో చాలామంది ఒకే పొరపాటు చేశారు. వెనుక బ్రేకు అతిగా తొక్కి చక్రం జారనిచ్చారు, ముందు బ్రేకు సరిగా వాడలేదు. చదువుతుంటే నా పేరు రాసి ఉన్నట్టే అనిపించింది.

బ్రేకు లెక్క

ఇక్కడ కొంచెం ఫిజిక్సు. భయపడకండి, పరీక్షలో రాదు.

గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. అడ్డంకిని చూసి, మనసుకు అర్థమై, చెయ్యీ కాలూ కదలడానికి ఒక సెకను అనుకుందాం. అప్పటికే బండి 11 మీటర్లు ముందుకు పోయింది. పొడి రోడ్డు మీద రెండు బ్రేకులూ సరిగా పట్టి సెకను సెకనుకూ 6 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తే ఆగడానికి ఇంకో 10 మీటర్లు కావాలి. మొత్తం 21 మీటర్లు, అంటే రెండు సిటీ బస్సుల పొడవు. అదే 60లో పోతుంటే? మొత్తం 40 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, బ్రేకు పట్టాక పోయే దూరం రెండుంబావు రెట్లు పెరిగింది. గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంటర్లో బట్టీ పట్టిన సూత్రానికి రోడ్డు మీద అర్థం ఇదే.

వెనుక బ్రేకు ఒక్కటే వాడితే ఏమవుతుంది? బ్రేకు పట్టగానే బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనుక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి నేల పట్టు తక్కువ. సెకనుకు మూడున్నర మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకుంటే 60లో ఉన్న బండి ఆగడానికి 56 మీటర్లు కావాలి. ఆ అదనపు పదహారు మీటర్లలోనే రిక్షా ఉంటుంది, పిల్లవాడు ఉంటాడు, బస్సు దిగిన ముసలమ్మ ఉంటుంది.

కాబట్టి ముందు బ్రేకు అంటే భయం పోవాలి. "ముందు బ్రేకు పడితే పల్టీ కొడతావు" అని మనకు నేర్పినవాళ్ళు చెప్పిన మాట సగమే నిజం. ఒక్కసారిగా గుంజితే, హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు పడితే, ఇసుక మీద పడితే ప్రమాదమే. బండి నిటారుగా ఉంచి, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోతే ఆపే పని ఎక్కువ చేసేది ఆ బ్రేకే. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన కొత్త బండ్లన్నిటికీ చక్రం బిగుసుకుపోకుండా చూసే ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. కాని ఎన్నో బండ్లలో అది ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది, పాత బండ్లకు అసలు ఉండదు. మీరు ఎక్కే బండికి ఉందో లేదో ఎక్కకముందే అడగండి.

మన మూడు పేటల రోడ్లు

ఇప్పుడు మన రోడ్ల సంగతి. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎం.జి.బి.ఎస్. దాకా మెట్రో మొదలైంది. ఆర్.టి.సి. క్రాస్ రోడ్డు, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు ఆ దారిలోవే. మెట్రో మనకు మేలు చేసింది. దానితోబాటు రోడ్డు నడుమ స్తంభాలు కూడా వచ్చాయి. స్తంభం వెనుక నుంచి కుడికి తిరిగే బండికి మీరు కనబడరు, మీకు అది కనబడదు. హర్ట్ నివేదికలో కూడా ఇతర వాహనాలతో గుద్దుకున్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు, అవతలి వాహనం మోటారు సైకిల్‌కు దారి ఇవ్వకపోవడం వల్ల జరిగినవే. ముఖ్య కారణం వారు దాన్ని చూడకపోవడం. అందుకే తిరిగే చోటు కనబడగానే రేస్ తగ్గించి, వేళ్ళు బ్రేకు మీద సిద్ధంగా ఉంచండి. "వాడు నన్ను చూశాడులే" అనుకోవద్దు, చూడలేదనే అనుకోండి. లేత రంగు చొక్కా, హెల్మెట్ మీద మెరిసే పట్టీ రాత్రిపూట బాగా పనికొస్తాయి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు పగలు కూడా హెడ్‌లైటు వెలిగే ఉండేది ఇందుకే.

2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా ఉక్కు వంతెన తెరిచారు. రెండుంబావు కిలోమీటర్లు, నడుమ సిగ్నల్ లేదు. కింద ట్రాఫిక్‌లో విసిగినవాడికి పైకెక్కగానే చెయ్యి దానంతట అదే రేస్ తిప్పుతుంది. వంతెన అతుకుల దగ్గర ఇనుప పట్టీలుంటాయి, వానకు తడిస్తే అవి సబ్బు ముక్కలే. అక్కడ వంగవద్దు, గట్టిగా బ్రేకు పట్టవద్దు.

ఆర్.టి.సి. క్రాస్ రోడ్డులో సినిమా వదిలినప్పుడు జనం రోడ్డంతా నిండుతారు. అశోక్ నగర్ సందుల్లో కోచింగ్ సెంటర్లు వదిలే వేళ కూడా అంతే. పుస్తకం చూస్తూ, ఫోను చూస్తూ దాటేవాళ్ళు ఉంటారు. ఆగిన ఆటోలోంచి ఎవరు ఎటు దిగుతారో తెలియదు. ఆగిన బస్సుకు ఎడమ పక్క నుంచి ఎన్నడూ దూరవద్దు, దిగేవాళ్ళు ఆ పక్కే దిగుతారు. తొలకరి వానకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జిగురుగా మారుతుంది. మొదటి అరగంట ఎక్కడైనా ఆగి టీ తాగండి.

కాలు జారితే తీసుకోవచ్చు అన్నారు పెద్దలు. చక్రం జారితే తీసుకోలేం.

రెండు తలలు, రెండు హెల్మెట్లు

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దుకోవడమంటే ఆరు మీటర్ల ఎత్తునుంచి, అంటే రెండంతస్తుల మేడ మీదినుంచి పడ్డట్టు. అరవై అయితే పద్నాలుగు మీటర్లు, నాలుగంతస్తులు. పిట్టగోడ మీద నిలబడమంటే వణికే మనిషి బండి మీద అరవైలో పాట పాడుకుంటూ పోతాడు.

హెల్మెట్ కథ ఒక మరణంతో మొదలైంది. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లండులో మోటారు సైకిల్ మీద వెళుతూ, సైకిళ్ళ మీద ఉన్న ఇద్దరు అబ్బాయిలను తప్పించబోయి పడ్డాడు. ఆరు రోజులకు చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆ చావును ఆయన మరిచిపోలేదు. సైన్యంలో మోటారు సైకిల్ మీద వార్తలు మోసే సిపాయిల తలగాయాలను పరిశీలించి 1941లో వ్యాసం ప్రచురించాడు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం తన సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు పౌరులకు అక్కడ తప్పనిసరి కావడానికి 1973 దాకా పట్టింది. 2008లో అనేక దేశాల అధ్యయనాలను గుదిగుచ్చి చూసిన కోక్రేన్ సమీక్ష ప్రకారం, ప్రమాదంలో పడినవారికి హెల్మెట్ వల్ల చావు ముప్పు సుమారు 42 శాతం, తలగాయం ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయి.

మన దేశం లెక్క చూడండి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది, వారిలో వెనుక కూర్చున్నవారే పద్నాలుగు వేలకు పైన.

2011 సెప్టెంబరులో మన అవుటర్ రింగ్ రోడ్డు మీద 1000 సి.సి. బండి అదుపు తప్పి క్రికెటర్ అజారుద్దీన్ గారి చిన్న కుమారుడు, పంతొమ్మిదేళ్ళవాడు, వెనుక కూర్చున్న పదహారేళ్ళ బంధువు ఇద్దరూ కన్నుమూశారు. ఊరంతా కంటతడి పెట్టింది. 2021 సెప్టెంబరు 10న కేబుల్ వంతెన దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ బండి జారి పడ్డారు. తీవ్రంగా గాయపడ్డా తలకు హెల్మెట్ ఉంది. కోలుకుని 2023లో 'విరూపాక్ష' చిత్రంతో మళ్ళీ తెర మీదికి వచ్చారు.

హెల్మెట్ కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు, 4151 అనే ప్రమాణం సంఖ్య చూడండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని బండి హెల్మెట్లు అమ్మడం నేరం. తలకు పట్టినట్టుండాలి, ఊపితే కదలకూడదు. పట్టీ బిగించని హెల్మెట్ మనకంటే ముందే ఎగిరిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని మళ్ళీ పెట్టవద్దు. దాని లోపలి పొర ఒక్కసారి నలగడానికే చేసింది.

చట్టం ఏమంటోంది

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం గేరు బండి నడపాలంటే 18 ఏళ్ళు నిండాలి. లెర్నర్ లైసెన్సు తీసుకున్న 30 రోజుల దాకా పరీక్షకు వెళ్ళకూడదు. ఆ నేర్చుకునే కాలంలో వెనుక నేర్పేవాడు తప్ప మరొకరిని కూర్చోబెట్టుకోకూడదు. ఎప్పుడైనా సరే వెనుక ఒక్కరే, ట్రిపుల్స్ నేరం. 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా. ఇంటర్ చదివే తమ్ముడికి తాళం ఇచ్చే అన్నలు ఇది గుర్తుంచుకోవాలి.

ఒక్క సంగతి. లైసెన్సు అంటే ప్రభుత్వం మనకు ఇచ్చిన అనుమతి. పనితనం మనం సంపాదించుకోవలసిందే.

ఎవరైనా పడితే

చుట్టూ మూగవద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యండి. ఆ సేవ 2005 ఆగస్టు 15న మన నగరంలోనే మొదలైంది. పడినవాణ్ణి కూర్చోబెట్టి నీళ్ళు తాగించే అలవాటు మనకుంది, తప్పు. మెడ కదిలించవద్దు, హెల్మెట్ బలవంతంగా పీకవద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. "పోలీసు కేసు మన మెడకు చుట్టుకుంటుంది" అన్న భయం వద్దు. సదుద్దేశంతో సాయపడినవారికి చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది.

మనం చేయగలిగిన పని

ఉపన్యాసం చాలు, పని చెబుతాను. ఆదివారం ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా మన కాలేజీ మైదానం ఖాళీగా ఉంటుంది. యూనియన్, ఎన్.ఎస్.ఎస్. కలిసి నాలుగు ఆదివారాలు ప్రాక్టీసు పెట్టండి. మొదటి వారం, నడిచే మనిషికంటే నెమ్మదిగా, కాలు కింద పెట్టకుండా తిన్నగా నడపడం. అది వస్తే క్లచ్ వచ్చినట్టు. రెండవ వారం ఇరవైలో, ముప్పైలో, నలభైలో రెండు బ్రేకులతో గీత దగ్గర ఆగడం. మూడవ వారం అడ్డంకిని తప్పించడం. కళ్ళు గుంట మీద పెడితే బండి గుంటలోకే పోతుంది, పోవలసిన ఖాళీ వైపు చూడాలి. నాలుగవ వారం వెనుక మనిషితో ఇవన్నీ మళ్ళీ చెయ్యడం, ఎందుకంటే బరువు పెరిగితే బండి తీరు మారుతుంది. ఆడపిల్లలు ముందు వరుసలో ఉండాలి. స్కూటీకైనా బ్రేకు బ్రేకే. చదువుకుంటూ పార్సిళ్ళు మోసే, బైక్ టాక్సీ నడిపే విద్యార్థులు మన మధ్య ఉన్నారు. వాళ్ళను తప్పక పిలవండి, రోడ్డు మీద ఎక్కువ గంటలు గడిపేది వాళ్ళే. పూర్వ విద్యార్థులు ఏటా సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత తీసి హాస్టలుకు పది హెల్మెట్లు కొనిస్తే అంతకంటే పుణ్యం లేదు.

హాస్టల్లో మాత్రం ఇవాళే ఒక నియమం పెట్టుకోండి. తాళం ఇచ్చేవాడు హెల్మెట్ కూడా ఇవ్వాలి, ఇద్దరు వెళితే రెండు ఇవ్వాలి. కొత్త చేతికి ఇస్తే ముందు మైదానంలో పది నిమిషాలు తిప్పించాలి. "లేదు తమ్మీ, ఇయ్యను" అనవలసి వస్తే అనాలి. ఆ పూట వాడికి కోపం వస్తుంది. రానివ్వండి, రేపు పొద్దున కలిసి టీ తాగడానికి వాడు ఉంటాడు.

1987లో మా సీనియర్ నాకు ఆ మాట అని ఉంటే నేనూ అలిగేవాణ్ణే. ఇప్పుడు మాత్రం, అని ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.